ఒంగోలు గిత్త పెన్ను: నాలుగు రోజులైనా సిలికాన్ అచ్చు గట్టిపడలేదు

గుండ్లకమ్మ (ఒంగోలు)
ఆదివారం, ఉదయం 6.20

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా చిన్న లేత్ మీద పెన్నులు చేస్తున్నాను. చెక్కవీ, యాక్రిలిక్‌వీ కలిపి అరవై దాకా అయ్యాయి. ఇంతకాలం ఎవరినీ అడగకుండా నెట్టుకొచ్చాను, ఈసారి ఇరుక్కుపోయాను.

మా హైస్కూలు హెడ్మాస్టరు గారు ఈ నెలాఖరున రిటైరవుతున్నారు. పాత విద్యార్థులం కలిసి ఆయనకు ఒక పెన్ను ఇద్దామనుకున్నాం. ఆయనకు గిత్తలంటే ప్రాణం. రెండు జతలను మేపుతూ బండలాగుడు పందేలకు తిప్పే మనిషి. అందుకని పెన్ను ఒంటి మీద ఒంగోలు గిత్త ఉబ్బెత్తుగా కనబడాలి, వేలికి తగలాలి. లేత్ మీద చెక్కితే గుండ్రం వస్తుంది కానీ గిత్త రాదు కదా. రెసిన్‌తో పోత పోద్దామని దిగాను.

మా పెదనాన్న వాడిన పాత నల్లటి ఎబొనైట్ పెన్ను ఒకటి ఇంట్లో ఉంది, రాజమండ్రిలో కొన్నది. దాని ఒళ్లు నాకు కావలసిన లావుకు సరిగ్గా సరిపోయింది. దాని మీదే మైనంతో గిత్తను మలిచాను. మూపురం, గంగడోలు, పొట్టి కొమ్ములు, వెనక చిన్న బండ. ఆరు రాత్రుల పని. తర్వాత ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి, ప్లాటినం రకం సిలికాన్ రబ్బరు రెండు భాగాలూ సమానంగా కలిపి పోశాను. ఆరు గంటల్లో గట్టిపడుతుందని డబ్బా మీద రాసి ఉంది. గురువారం పొద్దున పోసినది ఇవాళ్టికీ లోపల జిగటగానే ఉంది. బయటి వైపు చక్కటి రబ్బరు, లోపల తేనె. ఇంకో వింత, గిత్త మీద గట్టిపడింది, గిత్త చుట్టూ ఉన్న నల్లటి నేల మీదే గట్టిపడలేదు.

ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఎక్కడ తప్పు చేశాను?

ఉదయగిరి చెక్కపని
ఆదివారం, ఉదయం 7.05

తమ్ముడూ, కలపడం సరిపోలేదేమో. గిన్నె అంచులకూ అడుక్కూ అంటుకున్నది కలవకుండా అలాగే డబ్బాలోకి జారి ఉంటుంది. నేను ఒక గిన్నెలో కలిపి, దాన్ని ఇంకో శుభ్రమైన గిన్నెలోకి వంచి మళ్లీ కలుపుతాను. మాకు చెంచాలూ గరిటెలే పని కాబట్టి సిలికాన్ గురించి నాకు పెద్దగా తెలియదు, జిగురు అనుభవంతో చెబుతున్నాను.

సిరాచుక్క (కావలి)
ఆదివారం, ఉదయం 7.40

అచ్చు సంగతి తర్వాత. రాజమండ్రి ఎబొనైట్ పెన్ను మీద మైనం పూశారా? గాంధీజీ మాట మీద స్వదేశీ కలం చేయడానికి రత్నం గారు పూనుకున్నది ఆ ఊళ్లోనే. చేతితో తిప్పి చేసిన ఒళ్లు అది. ముందు ఆ మైనం తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మీ పెదనాన్నకు మనసులో క్షమాపణ చెప్పుకోండి. తర్వాత మాట్లాడుకుందాం.

దంతశిల్పి (నెల్లూరు)
ఆదివారం, ఉదయం 9.15

గుండ్లకమ్మ గారూ, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. మైనం మీద గట్టిపడింది, ఎబొనైట్ మీద గట్టిపడలేదు. ఎబొనైట్ అంటే ఏమిటి? రబ్బరులో నూటికి ముప్పై పాళ్ల వరకూ గంధకం కలిపి వేడిచేస్తే తయారయ్యే గట్టి పదార్థం. ప్లాటినం సిలికాన్‌కు గంధకం పగ. గట్టిపడే పనిని నడిపించేది అందులో ఉన్న ప్లాటినం, అదీ చాలా కొద్దిగా ఉంటుంది. గంధకం ఆ ప్లాటినాన్ని పట్టుకుని కూర్చుంటే పని అక్కడితో ఆగిపోతుంది. నాలుగు రోజులు కాదు, నాలుగు నెలలు ఉంచినా ఆ జిగట అలాగే ఉంటుంది.

నేను పళ్ల సెట్లు చేసే ల్యాబులో పనిచేస్తాను. పళ్ల కొలత తీసే పుట్టీ కూడా ఈ జాతి సిలికానే. డాక్టరు లేటెక్స్ తొడుగులు వేసుకుని పుట్టీ కలిపితే అది సరిగ్గా గట్టిపడదు, ఎందుకంటే ఆ తొడుగుల రబ్బరులోనూ గంధకం ఉంటుంది. మా వృత్తిలో కొత్తవాళ్లకు మొదటి వారంలో పడే చీవాట్లు ఇవే. మీరు ఏ తొడుగులు వేసుకున్నారు?

గుండ్లకమ్మ
ఆదివారం, ఉదయం 9.32

మెడికల్ షాపులో కొన్న తెల్లటి లేటెక్స్ తొడుగులే. అంటే రెండు వైపుల నుంచీ గంధకం అన్నమాట. తల గోడకు కొట్టుకోవాలని ఉంది.

దంతశిల్పి
ఆదివారం, ఉదయం 9.50

గోడను వదిలేయండి, నైట్రైల్ తొడుగులు కొనండి. రెసిన్ పనికీ అవే కావాలి. ఎపాక్సీ హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరచడానికి కలిపే రెండో భాగం) ఒంటికి తగులుతూ ఉంటే కొందరికి కొన్నాళ్లకు దద్దుర్లు మొదలవుతాయి, ఒకసారి మొదలైతే ఆ తర్వాత చుక్క తగిలినా వస్తాయి.

ఇప్పుడు దారులు రెండు. టిన్ రకం సిలికాన్‌కు గంధకంతో పేచీ లేదు. కానీ అది రోజులు గడిచేకొద్దీ కాస్త కుంచించుకుపోతుంది, అచ్చు ఎక్కువ కాలం నిలవదు. రెండో దారి, ఎబొనైట్‌ను పక్కన పెట్టి గంధకం లేని కడ్డీ మీద మళ్లీ మలచడం. కొన్ని రకాల బొమ్మలమట్టిలో కూడా గంధకం ఉంటుంది కాబట్టి మట్టి వాడితే ముందు చిన్న ముక్క మీద చుక్క సిలికాన్ వేసి చూడండి. పాత టిన్ అచ్చు తగిలిన చోట కూడా ప్లాటినం గట్టిపడదు. రెండు రకాలకూ ఒకే పుల్ల, ఒకే గిన్నె వాడకూడదు.

ఉదయగిరి చెక్కపని
ఆదివారం, మధ్యాహ్నం 1.10

నా ఊహ తప్పని తేలింది, సంతోషం. లావు ఎంతో చెప్పు తమ్ముడూ, నర్ది చెక్కతో కడ్డీ తిప్పి, లక్క పాలిష్ పట్టించి రేపటి బస్సుకు పంపిస్తాను. మా ఊరి చెంచాలన్నీ ఆ చెక్కతోనూ, కలివితోనూ చేసేవే. సన్నటి పోగు, లేత్ మీద వెన్నలా తిరుగుతుంది. రెండు కొసలా నాలుగేసి మిల్లీమీటర్లు ఖాళీ వదిలి మధ్యలోనే గిత్తను పెట్టు. పోత అయ్యాక లేత్ ఉలి తగలాల్సింది ఆ కొసలకే. మధ్యలో పెడితే మొదటి చుట్టులోనే మూపురం ఎగిరిపోతుంది.

గుండ్లకమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 1.25

13 మిల్లీమీటర్లు అన్నా. లోపల 10 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం వస్తుంది. కానీ ఆరు రాత్రులు మళ్లీ కూర్చోవాలంటే భయంగా ఉంది. గుండ్రటి కడ్డీ మీద మలచడం నరకం. ఒక కాలు సరిచేస్తుంటే ఇంకో కాలు బొటనవేలి కింద నలిగిపోతుంది.

పలకాబలపం (మార్కాపురం)
ఆదివారం, రాత్రి 8.45

కడ్డీ మీద ఎందుకు మలుస్తారు? బల్లపరుపుగా చేసి చుట్టండి.

మా ఊరి పలకరాయి తెలుసు కదా. పొరలు పొరలుగా లేస్తుంది, మెత్తన, సన్నటి గీతను కూడా పట్టుకుంటుంది. దళసరి పలక ముక్క తీసుకుని గిత్తను లోపలికి చెక్కండి, అంటే మూపురం ఉండాల్సిన చోట గుంట. కడ్డీ 13 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత 41కి రవ్వంత తక్కువ. కాబట్టి 41 వెడల్పు పట్టీ మీద బొమ్మ వేసుకోండి. పలక మీద సబ్బునీళ్లు రాసి, గోరువెచ్చటి మైనపు రేకును దాని మీద బొటనవేళ్లతో అదిమితే గిత్త ఉబ్బుగా లేచి వస్తుంది. ఆ రేకును కడ్డీకి చుట్టి అతుకును వేడి కత్తితో పూడ్చండి. మైనం పాడైతే ఇంకో రేకు అదుముకోవచ్చు, పలక ఎక్కడికీ పోదు.

ఒక్క మాట. పలక మీద బొమ్మ తిరగేసి ఉండాలి. నేను మొదటిసారి మా అబ్బాయి పేరు సూటిగా చెక్కాను. అద్దంలో చూస్తే తప్ప చదవలేని పెన్ను తయారైంది. అది ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది, నన్ను ఏడిపించడానికి దాచుకున్నాడు.

గుండ్లకమ్మ
ఆదివారం, రాత్రి 9.02

ఇది నాకు తట్టనే లేదు. ఇంట్లో మా పాప పాత పలక ఉంది, రేపు మొదలుపెడతాను. గిత్త ముఖం నిబ్బు వైపా, మూత వైపా?

సిరాచుక్క
ఆదివారం, రాత్రి 9.20

నిబ్బు వైపు. ముందుకు లాగుతున్నట్టు ఉండాలి. బండ వెనక, అంటే చేతి గుంట వైపు. ఇది కూడా అడగాలా?

ఇంకో సంగతి. ఉబ్బు ఎంత ఎత్తు పెడుతున్నారు? ఇలాంటి పెన్నులు కొన్ని చేతికి వచ్చాయి. చూడటానికి గుడి గోపురంలా ఉంటాయి, అర పేజీ రాసేసరికి వేళ్ల మీద బొమ్మ అచ్చు పడుతుంది. పెన్ను అల్మారాలో పెట్టుకోవడానికైతే ఎంత ఎత్తయినా పెట్టుకోండి. ఆ మాస్టారు గారు రాసే మనిషైతే వేళ్లు పట్టే చోట అసలు ఉబ్బు వద్దు, పైన మాత్రం ఒక మిల్లీమీటరు చాలు.

గుండ్లకమ్మ
ఆదివారం, రాత్రి 9.31

ముప్పై ఆరేళ్లు నల్లబల్ల మీదా, రిజిస్టర్లలోనూ రాసిన మనిషి. సరే, కాళ్ల దగ్గర అర మిల్లీమీటరు, మూపురం దగ్గర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. మూపురం తగ్గిస్తే అది ఒంగోలు గిత్త కాదు, ఏదో ఎద్దు.

దంతశిల్పి
ఆదివారం, రాత్రి 9.44

బ్రెజిల్‌లో కోట్ల కొద్దీ మేస్తున్న ఆ జాతిని అక్కడ ‘నెలోర్’ అంటారు, మా జిల్లా పేరే. కాబట్టి అది నెల్లూరు గిత్త అని కూడా మనవి చేసుకుంటున్నాను.

నల్లరాయి (చీమకుర్తి)
ఆదివారం, రాత్రి 10.10

పేరు ఓడ ఎక్కినప్పుడు మారింది, పుట్టింది మా ప్రకాశంలోనే. ఈ తగవు ఇక్కడ తేలదు. నిద్రపోండి.

గుండ్లకమ్మ
శుక్రవారం, సాయంత్రం 6.15

చెక్కిన పలక, మైనపు రేకు, అచ్చు, మూడింటి ఫొటోలూ పెట్టాను. ఉదయగిరి అన్న పంపిన కడ్డీ అద్దంలా ఉంది. ప్లాటినం సిలికాన్ ఈసారి ఆరు గంటల్లోనే గట్టిపడింది, వేలు పెడితే పొడిగా ఉంది. దంతశిల్పి గారికి దండం. ఒక పక్క వంకరటింకరగా కోసి కడ్డీని బయటకు తీశాను. అలా కోస్తే మళ్లీ మూసినప్పుడు రెండు అంచులూ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి.

ఇక రెసిన్ దగ్గరకు వచ్చేసరికి కొత్త కష్టాలు. ఇత్తడి గొట్టాన్ని ఉప్పుకాగితంతో రుద్ది, తెల్లరంగు వేసి, కొసలకు మైనం బిరడాలు పెట్టి అచ్చు మధ్యలో నిలబెట్టాను. ఎపాక్సీలో తెల్ల రంగుముద్ద కలిపి పోశాను. మర్నాడు తీస్తే మూపురం స్థానంలో గుంట, గాలి బుడగ. ఒక కొమ్ము లేదు. పైగా ఒళ్లంతా చూయింగ్ గమ్‌లా వంగుతోంది. గోరు గుచ్చితే దిగుతోంది. డబ్బా మీద రెండు భాగాలకు ఒక భాగం అని ఉంది. వంటింటి కాటా మీద 4 గ్రాములు, 2 గ్రాములు తూచి కలిపాను. గంధకం ఇక్కడ కూడా ఉందా?

దంతశిల్పి
శుక్రవారం, సాయంత్రం 7.00

గంధకం నిర్దోషి. తప్పు కాటాది, సగం మీది.

రెండుకు ఒకటి అన్నది తూకమా, గిన్నెతో కొలిచే కొలతా? డబ్బా మీద చిన్న అక్షరాల్లో చూడండి. చాలావాటికి అది కొలత లెక్క. హార్డెనర్ రెసిన్ కంటే తేలిక, కాబట్టి కొలతలో 2:1 అయితే తూకంలో రమారమి 100కి 43 అవుతుంది, 50 కాదు. ఇది మొదటి తప్పు, చిన్నది. రెండోది పెద్దది. మీ పెన్ను ఒంటికి పట్టే రెసిన్ ఐదారు గ్రాములకు మించదు. 6 గ్రాముల్లో హార్డెనర్ 1.8 గ్రాములే. వంటింటి కాటా ఒక్కో గ్రాము చొప్పున చూపిస్తుంది. అది 2 అన్నప్పుడు లోపల ఒకటిన్నర ఉండవచ్చు, రెండున్నరకు దగ్గరగా కూడా ఉండవచ్చు. అంటే హార్డెనర్‌లో పావువంతుకు పైగా తేడా. అలాంటప్పుడు గమ్ రాక ఏమవుతుంది?

బంగారం పనివాళ్ల చిన్న కాటా కొనండి, గ్రాములో నూరో వంతు చూపించేది. లేదా ఒకేసారి 30 గ్రాములు కలిపి, మిగిలినది ఇంకో పోతకు వాడండి. ఎక్కువ తూకంలో కాటా పొరపాటు చిన్నదైపోతుంది.

అభ్రకం (గూడూరు)
శుక్రవారం, రాత్రి 7.35

ఎక్కువ కలపమన్నారు కదా అని నాలాగా చేయకండి. పోయిన మే నెలలో మిట్టమధ్యాహ్నం 200 గ్రాములు ఒకే కప్పులో కలిపి, ఫోను వస్తే మాట్లాడుతూ నిలబడ్డాను. కప్పు వేడెక్కింది, పొగ వచ్చింది, చేతిలో నుంచి జారిపోయింది. ఇంటి ముందు గచ్చు మీద ఇప్పటికీ ఆ పసుపు ముద్ద ఉంది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు దానంతట అదే వేడి పుట్టిస్తుంది, ముద్ద పెద్దదయ్యేకొద్దీ వేడి బయటకు పోలేదు. దానికి తోడు మన ఎండ. పది డిగ్రీలు పెరిగితే పని చేసుకునే సమయం సుమారు సగానికి పడిపోతుందని లెక్క. నేనిప్పుడు తెల్లవారుజామున ఐదింటికే పోస్తాను. కలపగానే వెడల్పు పళ్లెంలోకి వంచేస్తాను.

ఉదయగిరి చెక్కపని
శుక్రవారం, రాత్రి 8.00

మూపురం దగ్గర బుడగకు నాది ఒక చిట్కా. ఇది మాత్రం నా అనుభవమే. ముందు అచ్చు తెరిచి, సన్నటి కుంచెతో రెసిన్‌ను గుంటల్లో పులమాలి, కొమ్ముల్లోకి గుండుసూదితో దింపాలి. తర్వాత అచ్చు మూసి మిగతాది సన్నటి ధారగా ఒక మూల నుంచి పోయాలి. మధ్యలో గుమ్మరిస్తే గాలిని మనమే లోపల పెట్టి మూసినట్టు.

నల్లరాయి
శుక్రవారం, రాత్రి 8.20

బుడగలకు అసలు మందు ఒత్తిడి. మా బంధువు ఒకరు ఇంట్లో ప్రెజర్ కుక్కరుకు సైకిల్ వాల్వు బిగించి గాలి కొట్టి వాడుతున్నారు. మీరూ చూడకూడదా?

దంతశిల్పి
శుక్రవారం, రాత్రి 8.24

వద్దు. దయచేసి వద్దు. వంటింటి కుక్కరు పనిచేసేది చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర. రెసిన్‌కు కావలసింది 40, 50 పౌండ్లు. దానికి కట్టని గిన్నెలో అంత గాలి నింపి పక్కన నిలబడటం బాంబు పక్కన నిలబడటమే. మూత లేస్తే ముఖానికే. మీ బంధువుకు ఇవాళే ఫోను చేయండి.

రంగులు కొట్టేవాళ్లు వాడే ప్రెజర్ పాట్ ఉంటుంది. దాని మీద ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో రాసి ఉంటుంది, సేఫ్టీ వాల్వు ఉంటుంది. రాసినదాని కంటే తక్కువలోనే వాడాలి. మేము పళ్ల సెట్ల యాక్రిలిక్‌ను కూడా ఒత్తిడి పాత్రలోనే గట్టిపరుస్తాం, చిన్న చిన్న రంధ్రాలు రాకుండా. ఒత్తిడి బుడగను మాయం చేయదు, నలిపేస్తుంది. 40 పౌండ్లు ఎక్కిస్తే బయటి గాలితో కలిపి మామూలు ఒత్తిడికి మూడున్నర రెట్ల పైనే అవుతుంది, బుడగ దాదాపు నాలుగో వంతుకు నలుగుతుంది. అలా నలిగి ఉండగానే రెసిన్ గట్టిపడిపోవాలి. మధ్యలో మూత తీయకూడదు.

నల్లరాయి
శుక్రవారం, రాత్రి 8.50

ఫోను చేశాను. కుక్కరును వాళ్ల అమ్మగారు ఇప్పటికే వెనక్కి లాక్కున్నారట, పప్పు ఉడకడం లేదని.

గుండ్లకమ్మ
బుధవారం, ఉదయం 5.50

ప్రెజర్ పాట్ ఒకరి దగ్గర అద్దెకు దొరికింది. కొత్త కాటా వచ్చింది. 4.2కు 1.8 చొప్పున తూచాను, కుంచెతో పులిమాను, 40 పౌండ్ల దగ్గర రాత్రంతా ఉంచాను. ఈసారి గట్టిపడింది, గోరు దిగడం లేదు. రెండు కొమ్ములూ వచ్చాయి, ఒకటి కాస్త పొట్టి. కానీ గిత్తకు అమ్మవారు పోసినట్టు ఒళ్లంతా పొక్కులు. సన్నటి ఆవగింజల్లాంటి బొడిపెలు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? బుడగలైతే గుంటలు పడాలి కదా, ఇవి పైకి ఉన్నాయి.

దంతశిల్పి
బుధవారం, ఉదయం 7.10

చెప్పడం మరిచాను, తప్పు నాదే. బుడగలు రెసిన్‌లో లేవు, మీ సిలికాన్ అచ్చు గోడలో ఉన్నాయి. అచ్చును మామూలు గాలిలో పోశారు, గోడలో కంటికి కనబడని బుడగలు మిగిలాయి. పాట్‌లో ఒత్తిడి ఎక్కగానే అవి నలిగి, అచ్చు గోడ అక్కడక్కడా లోపలికి పీల్చుకుంది. ఆ గుంటల్లోకి రెసిన్ వెళ్లి బొడిపె అయింది. ఒత్తిడిలో వాడే అచ్చును ఒత్తిడిలోనే పోయాలి. పలక ఉంది కాబట్టి ఇంకో మైనపు రేకు, ఇంకో అచ్చు.

పలకాబలపం
బుధవారం, ఉదయం 7.30

పలక ఎక్కడికీ పోదని చెప్పానా లేదా?

గుండ్లకమ్మ
బుధవారం, ఉదయం 7.41

చెప్పారు. ఇంకా ఎనిమిది రోజులుంది. రెండో అచ్చు ఈ రాత్రికి పోస్తాను. ఈలోగా రంగు సంగతి. తెల్ల గిత్త సరే, నేల ఏ రంగు? ఒకే తెలుపులో పోస్తే సబ్బు బిళ్ల మీద బొమ్మలా ఉంది.

నల్లరాయి
బుధవారం, ఉదయం 9.00

దీనికోసమే కాచుకుని ఉన్నాను. మా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయిలా. నల్లటి నేల, అందులో రాగి బంగారు చుక్కలు. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. రాళ్లు కోసే చోట పొడి ఊరికే దొరుకుతుంది, పంపమంటారా?

ఉదయగిరి చెక్కపని
బుధవారం, ఉదయం 9.25

రాతిపొడి కలిపిన రెసిన్ మీద నా ఉలి పెట్టను. రెండు చుట్లకే మొద్దుబారుతుంది. కొసలు తిప్పాల్సిందే కదా. ఆ పొడి లేచి ఊపిరితిత్తుల్లోకి వెళితే అదొక జబ్బు.

అభ్రకం
బుధవారం, ఉదయం 10.15

రాతిపొడి వద్దు, పైగా మెరవదు కూడా. బూడిద రంగులో అడుగున పేరుకుంటుంది. రాయిలో మెరిసేది నునుపు చేసిన ముఖం, పొడి చేస్తే ముఖమే ఉండదు. దానికి బదులు రాగి రంగు మైకా (అభ్రకం) పొడి చిటికెడు చాలు. మా గూడూరు వైపు అభ్రకం గనులు ఎప్పటివో. చిన్నప్పుడు దారిలో మట్టి కూడా ఎండకు తళుక్కుమనేది, జేబుల నిండా పెంకులు ఏరుకునేవాళ్లం. కానీ ఆ ముడి అభ్రకం పొడి వెండి మెరుపే ఇస్తుంది. రాగి, బంగారు రంగులు కావాలంటే అభ్రకం రేణువుల మీద ఇనుము ఆక్సైడో, టైటానియం డయాక్సైడో పూత పూసినది కొనాలి. నల్ల రంగు ముందు కలిపి, మైకాను చివర్లో రెండు తిప్పులే తిప్పండి. ఎక్కువ కలిపితే చుక్కలు పోయి మొత్తం కంచు చెంబులా అవుతుంది.

పోసే వరుస కూడా ముఖ్యం. తెల్ల రెసిన్‌ను గిత్త గుంటలో మాత్రమే పుల్లతో నింపండి. అది కదలకుండా జిగురుగా బిగుసుకునేదాకా ఆగండి, పూర్తిగా గట్టిపడనివ్వకండి. అప్పుడు గొట్టం పెట్టి నల్లది పోస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తొందరపడితే నలుపు తెలుపులోకి పాకి గిత్త గేదె అవుతుంది.

సిరాచుక్క
బుధవారం, ఉదయం 11.05

ఇంత చేశాక దాని మీద పారదర్శకమైన రెసిన్ ఇంకో పొర పోసి, లేత్ మీద నున్నగా తిప్పేస్తే? గిత్త గాజులో నిలబడినట్టు ఉంటుంది, చేతికి ఏమీ గుచ్చుకోదు, మడతల్లో మురికి చేరదు.

పలకాబలపం
బుధవారం, ఉదయం 11.20

అయ్యో, అంత కష్టపడి ఉబ్బు తెచ్చి దాన్ని పూడ్చేస్తారా! అలాగైతే కాగితం మీద బొమ్మ వేసి లోపల పెట్టుకుంటే సరిపోయేది.

సిరాచుక్క
బుధవారం, ఉదయం 11.28

కాగితం బొమ్మకు నీడ ఉండదు. లోపలి ఉబ్బుకు ఉంటుంది. నేను చూసి చెబుతున్నాను, వాదించడానికి కాదు.

గుండ్లకమ్మ
బుధవారం, మధ్యాహ్నం 12.10

రెండూ నిజమే కావచ్చు. కానీ మాస్టారు పందెంలో గిత్తను వదిలే ముందు దాని మూపురం మీద అరచెయ్యి వేసి ఒక్కసారి అదుముతారు. అది ఊళ్లో అందరికీ తెలుసు. నాకు ఆ మూపురం వేలికి తగలాలి. పూడ్చను.

దంతశిల్పి
బుధవారం, మధ్యాహ్నం 12.30

అయితే రెండు జాగ్రత్తలు. గిత్త మడతల్లో ముదురు గోధుమ రంగు యాక్రిలిక్ పూసి, ఆరకముందే ఎత్తుల మీద తడిగుడ్డతో తుడవండి. కండరాలు లేచి కనబడతాయి. దాని మీద కార్లకు కొట్టే రెండు భాగాల క్లియర్ (రంగులేని వార్నిష్) సన్నగా ఒక్క పొర కొట్టకపోతే చేతి చెమటకు ఆ రంగు వారంలో పోతుంది. రెండోది, తెల్ల ఎపాక్సీ ఎండ తగిలితే పసుపెక్కుతుంది. కిటికీ దగ్గర పెట్టవద్దని మాస్టారు గారికి చెప్పండి.

ఉదయగిరి చెక్కపని
బుధవారం, మధ్యాహ్నం 1.00

పసుపెక్కితే ఎక్కనీ. వానలో తడిసి, మట్టిలో దొర్లిన గిత్త ఏనాడైనా తెల్లగా ఉందా?

గుండ్లకమ్మ
మంగళవారం, రాత్రి 11.40

అయింది. రెండో అచ్చులో మూడు ఒళ్లు పోశాను. ఒకటి గేదె అయింది, అభ్రకం గారూ, మీరు చెప్పినట్టే తొందరపడ్డాను. ఒకదానికి అతుకు దగ్గర గీత పడింది. మూడోది నిలిచింది. కొసలు లేత్ మీద తిప్పి, నున్నటి భాగాన్ని నీళ్లు పోస్తూ 1500 నంబరు ఉప్పుకాగితం నుంచి 12000 నంబరు దాకా రుద్ది మెరుగు పట్టాను. గిత్తను మాత్రం ఉప్పుకాగితం తాకనివ్వలేదు. ఫొటోలో చుక్కలు సరిగా రాలేదు, ఎండలో చూస్తే చీమకుర్తి రాయే.

ఒక లోపం ఉంది. ఎడమ కొమ్ము ఈసారి కూడా పొట్టిగానే వచ్చింది. పలకలోనే ఆ గుంట తక్కువ చెక్కానని ఇప్పుడు తెలిసింది.

పలకాబలపం
బుధవారం, ఉదయం 6.30

పలకను నిందించకుండా ఒప్పుకున్నారు, మంచివారు.

సిరాచుక్క
బుధవారం, ఉదయం 6.52

బాల్ పెన్ను రీఫిల్ పెట్టారని ఫొటోలో చూశాను. ఇంత చేసి బాల్ పెన్నా! సరే, నేనేమీ అనను.

గుండ్లకమ్మ
శుక్రవారం, రాత్రి 9.15

నిన్న సభ జరిగింది. దండలు, శాలువాలు, మైకు గురగురలు, మామూలే. పెన్ను పెట్టె తెరిచి మాస్టారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కళ్లద్దాలు తీసి దగ్గరగా పెట్టుకుని చూశారు. బొటనవేలు మూపురం మీద వేసి అదిమారు. తర్వాత అడిగిన మొదటి మాట, “ఎడమ కొమ్ము ఎందుకురా పొట్టిగా పెట్టావు?” పలక తప్పు అని చెప్పబోయాను. ఈలోగా ఆయనే అన్నారు, మా రెండో జతలో వలపటి దానికి కుడి కొమ్ము ఇలాగే ఉంటుంది, అద్దంలో చూసి చెక్కావా అని.

పలకాబలపం గారూ, పలక మీద తిరగేసి చెక్కమని మీరు చెప్పారు. చెక్కాను. ఇప్పుడు ఆయనకు ఏమని చెప్పాలి?

పలకాబలపం
శుక్రవారం, రాత్రి 9.22

అవును మాస్టారూ, అద్దంలో చూసే చెక్కాను అని చెప్పండి.

అభ్రకం
శుక్రవారం, రాత్రి 9.40

అచ్చు ఇంకా బాగుందా? మా నాన్నకు ఒకటి కావాలి. గేదె అయినదైనా ఫరవాలేదు, మాకు గేదెలే ఉన్నాయి.

గుండ్లకమ్మ
శుక్రవారం, రాత్రి 9.55

కొమ్ము దగ్గర సన్నటి చిరుగు మొదలైంది, ఇంకో నాలుగైదు పోతలు రావచ్చు. గేదెను రేపు బస్సులో వేస్తాను. గూడూరులో ఏ స్టాపు దగ్గర తీసుకుంటారో రాయండి.